రంగూన్‌లో మంచుకి పగిలిన ఇంజను

మా వాళ్ళలో ఎవరు పాత కారు కొనాలన్నా ముందు గుడి పంతులుగారిని అడిగి మంచిరోజు చూసుకునేవారు, తరవాత నన్ను పిలిచేవారు. పంతులుగారి లెక్క ఒకసారి తప్పితే తప్పొచ్చుగానీ నా మాటకి తిరుగులేదని చాలా ఏళ్ళపాటు రంగూన్‌లోని తెలుగువాళ్ళు నమ్మారు. అందరికన్నా గట్టిగా నేను నమ్మాను.

నేను సేక్కాన్ రేవు దగ్గర ఒక క్లియరింగ్ ఆఫీసులో గుమాస్తాని. మా తాత ఆ రేవులోనే మూటలు మోశాడు. మా నాన్న అక్కడే మూటలు లెక్కపెట్టాడు. నేను ఆ మూటల తాలూకు కాగితాలు చూస్తాను. తరానికో మెట్టు ఎక్కుతూ వచ్చామని పెళ్ళిళ్ళలో చెప్పుకుంటాంగానీ, నిజానికి తరానికింత చొప్పున ఒళ్ళు వంచడం మానేశాం, అంతే. జపాన్ నుంచి పాత కార్లు ఓడలనిండా దిగిన రోజుల్లో ఆ కాగితాలన్నీ నా బల్ల మీంచే వెళ్ళాయి. కాగితాలు చూసిన కళ్ళతోనే కార్లూ చూడటం మొదలుపెట్టాను. అడిగినవాళ్ళకి సలహా చెప్పడం మొదలుపెట్టాను. అడగనివాళ్ళకి ఇంకా ఎక్కువ చెప్పాను.

నా భయమంతా నీళ్ళంటే. వరదల్లో మునిగిన కార్లని, సముద్రపు నీళ్ళు తాగిన కార్లని కడిగి, ఆరబెట్టి, మెరుగు పెట్టి పంపిస్తారని రేవులో పుట్టినవాడికెవడికైనా తెలుసు. దానికి నా దగ్గర మూడు పరీక్షలుండేవి. కారులో కార్పెట్ లేపి ముక్కు ఆనించి వాసన చూడటం ఒకటి. సీటు బెల్టుని చివరిదాకా బయటికి లాగి బురద గీత ఉందేమో చూడటం రెండోది. మూడోది సీటు కింద బోల్టు మీద వేలు రాసి, ఆ వేలు నాలుకకి తాకించి, కళ్ళు మూసుకుని ఉప్పుందో లేదో చెప్పడం. మొదటి రెండూ ఎవరైనా చేయొచ్చు. మూడోది చేసేటప్పుడు మాత్రం చుట్టూ నలుగురు చేరేవారు, వాళ్ళు చేరేదాకా నేను కళ్ళు మూసేవాణ్ణి కాదు.

నాకు ఒక్కతే చెల్లెలు. నది అవతల లైంగ్‌థార్యార్‌లో ఒక బట్టల ఫ్యాక్టరీలో పన్నెండేళ్ళు కుట్టుమిషను మీద కూర్చుంది. భర్త ఓడ మీద పనిచేస్తాడు, ఏడాదిలో రెండు నెలలు ఇంట్లో ఉంటే గొప్ప. అమ్మానాన్నలు పోయాక ఆ పిల్ల చిన్న కుక్కరు దగ్గర్నుంచి పెద్ద బీరువా దాకా నన్ను అడక్కుండా ఏదీ కొనలేదు. ఆ భర్తని కూడా నేనే చూసి సరేనన్నాను. ఇంతవరకూ నేను సరేనన్న వాటిల్లో మరమ్మతుకి రానిది ఆయనొక్కడే.

ఒక ఎండాకాలం ఆమె ఫ్యాక్టరీ మానేసి ఫెర్రీ నడుపుతానంది. మా ఊళ్ళో పిల్లల్ని బడికి, ఆడపిల్లల్ని ఆఫీసులకి దింపే బండిని ఫెర్రీ అంటాం. వాళ్ళ పేటలో ఏడుగురు పిల్లలు వంతెన దాటి నగరంలో బడికి పోతారు. ఆ తల్లిదండ్రులు మగ డ్రైవర్లకన్నా ఈమె నయమని తామే అడిగారట.

"బండి నువ్వే సూడాల అన్నియ్యా. నువ్వు సూసి ఊ అంటే కొంటాను, నేదంటే మిషను కాడికే పోతాను," అంది.

ఇంతకన్నా పెద్ద సన్మానం నాకు ఎవరూ చేయలేదు.

మింగళాడోన్ వైపు ఒక యార్డులో చిన్న తెల్ల వ్యాన్ దొరికింది. జపాన్ ఉత్తరాది నుంచి వచ్చి రెండేళ్ళుగా అక్కడే నిలబడి ఉందన్నాడు అమ్మేవాడు. నేను కార్పెట్ లేపి వాసన చూశాను. కొత్త రబ్బరు వాసన. బెల్టు లాగాను. శుభ్రంగా ఉంది. బోల్టు మీద వేలు రాసి, చెల్లెలూ అమ్మేవాడూ పక్క కొట్లోవాళ్ళిద్దరూ దగ్గరికొచ్చేదాకా ఆగి, నాలుకకి తాకించాను. ఉప్పు లేదు, ఇనుము రుచి తప్ప ఏమీ లేదు.

"చుక్క నీరు తాగని బండి ఇది," అన్నాను. వరద నీళ్ళ వరకూ ఆ మాట నిజమే. ముంచిన నీళ్ళ సంగతి నాకు తెలుసు. లోపల పోసిన నీళ్ళ సంగతి నాకు తెలీదు.

వెనక డిక్కీలో పొడుగాటి కర్ర ఒకటి దొరికింది. ఒక చివర బ్రష్షు, ఇంకో చివర గట్టి ప్లాస్టిక్ పలక. అదేమిటని చెల్లెలు అడిగింది. తెలీదనడం నాకు అలవాటు లేదు కాబట్టి, జపాన్ వాళ్ళ శుభ్రత అలాంటిదనీ, బ్రష్షుతో దుమ్ము దులిపి పలకతో పక్షుల రెట్ట గీకుతారనీ చెప్పాను. ఆమె మెచ్చుకోలుగా తలాడించింది. తరవాత దాన్ని నేనే ఇంటికి తీసుకెళ్ళి బూజులు దులపడానికి వాడాను.

ఇంజను మూత తెరిచినప్పుడు ఆమె ఇంకో ప్రశ్న అడిగింది. ఇంజను పక్కన గుండ్రటి ఇనప బిళ్ళలు మూడున్నాయి, రూపాయి బిళ్ళకన్నా కొంచెం పెద్దవి. చుట్టూ ఇనుమంతా నల్లగా మడ్డి పట్టి ఉంటే అవి మాత్రం తళతళలాడుతున్నాయి.

"అన్నీ పాతయి గదా, ఇవొక్కటీ కొత్తగున్నాయేటి?"

పన్నెండేళ్ళు కుట్టుపని చేసిన కళ్ళవి, ఎక్కడ కుట్టు మారిందో ఇట్టే పట్టేస్తాయి. నేను మాత్రం ఏమన్నాను? "నీకేటి తెలుస్తాది అమ్మీ, పంపీ ముందు తోమి పంపుతారు," అన్నాను. తోమేవాళ్ళు ఆ మూడు బిళ్ళలే ఎందుకు తోమారో నాకూ తట్టలేదు, నన్ను దాటి అడిగే ధైర్యం ఆమెకీ లేదు. నిమ్మకాయలు చక్రాల కింద పెట్టి, బండి నుదుట పసుపు రాసి, ఇంటికి తెచ్చుకున్నాం.

రేడియేటర్‌లో ఏం పోయాలని అడిగింది. కూలెంట్ అని డబ్బాల్లో పచ్చటి ద్రవం అమ్ముతారు, అది పోయమని ఎవరో చెప్పారట. "రంగూన్‌లో కుళాయి నీళ్ళకేటి కరువు?" అన్నాను. మా నాన్న రేవులో లారీలకి నీళ్ళే పోయించాడు, నేనూ అదే పోయించాను.

జూన్‌లో బడులు తెరిచారు. ఫెర్రీ మొదలైంది. ఆమె నడిపే తీరు చూసి పేటంతా మురిసిపోయింది. మా దేశంలో బండ్లు కుడివైపున పోతాయి, జపాన్ బండ్లకి డ్రైవరు సీటూ కుడివైపే. పిల్లలు ఎక్కే దిగే తలుపేమో ఎడమన, అంటే నడిరోడ్డు వైపు తెరుచుకుంటుంది. అందుకని బండి ఆగిన ప్రతిసారీ ఆమె ముందు దిగి, చుట్టూ తిరిగి వచ్చి, రోడ్డుకి అడ్డంగా చెయ్యి చాచి నిలబడి, ఆ చేతి లోపలనుంచి ఒక్కొక్కరినీ దింపేది. మగ డ్రైవర్లు సీట్లోంచి కదలరు. తల్లులు ఆ చెయ్యి చూసి పిల్లల్ని పంపారు.

మూడో వారంలో సూది వేడివైపు ఎక్కుతోందని ఫోన్ చేసింది. రోజూ నీళ్ళు తగ్గుతున్నాయంది. ఎక్కడ కారుతోందో తెలీలేదు, ఎలా తెలుస్తుంది, వానాకాలం. కింద నేలంతా తడే. కారింది ఏదో, కురిసింది ఏదో దేవుడికే ఎరుక. బండిని వాళ్ళ పేటలో ఉన్న మెకానిక్కు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. ఆమె ఆ పూట పిల్లల్ని బస్సులో తీసుకెళ్ళింది.

ఆ మెకానిక్కుని అందరూ సయా అంటారు, మేష్టారు అన్నమాట. పని తెలిసిన వాణ్ణి అలా పిలవడం ఇక్కడి మర్యాద. ఆయన ఎనిమిదేళ్ళు ఉత్తర జపాన్‌లో పాత బండ్ల యార్డులో పనిచేసి వచ్చాడని నాకప్పుడు తెలీదు. తెలిస్తే వేరే మెకానిక్కు దగ్గరికి పోయేవాణ్ణి.

ఆయన టార్చి వేసి ఇంజను పక్కన చూశాడు. మూడు బిళ్ళల్ని వేలితో తట్టాడు. వాటి కింద గుడ్డతో తుడిచాడు. మైనంలా గట్టిపడిన బూడిదరంగు మందు పూత ఒకటి బయటపడింది. దాన్ని గోటితో గీకితే సన్నటి గీత కనబడింది. ఆ గీతలోంచి నీటి చెమ్మ ఊరుతోంది.

"ఇది మంచుకి పగిలింది," అన్నాడు బర్మీస్‌లో.

నేను నవ్వాను. "సయా, రంగూన్‌లో మంచేమిటి? చల్లటి కాఫీలో వేసుకోడానికే దొరకడం లేదు!"

ఆయన నవ్వలేదు. ఓపిగ్గా చెప్పాడు. ఉత్తరాన చలికాలమంతా బండి ఆరుబయట నిలబెట్టేశారు. అంతకుముందు ఎవరో కూలెంట్ బదులు వట్టి నీళ్ళు పోశారు. నీళ్ళు లోపల గడ్డకట్టి ఉబ్బాయి. ఇంజను పోతపోసినప్పుడు మిగిలే కన్నాలు మూయడానికి ఆ బిళ్ళలు కొడతారు, ఉబ్బిన మంచు ముందు వాటిని బయటికి తన్నేస్తుంది. అదృష్టముంటే అంతటితో ఆగుతుంది. లేకపోతే ఇనుమే పగులుతుంది. ఎవరో కొత్త బిళ్ళలు కొట్టి, పగులుకి మందు పూసి, ఓడెక్కించారు.

"కూలెంట్ చల్లబరచడానికి కదా?" అన్నాను.

"గడ్డకట్టకుండా చూసేదీ అదే. తుప్పు పట్టకుండా చూసేదీ అదే. ఇప్పుడు ఇందులో ఏం పోశారు?"

నేను ఆకాశం వైపు చూశాను. వాన పడుతోంది.

మాటల్లో మాటగా డిక్కీలో దొరికిన కర్ర గురించి కూడా అడిగాను. అద్దాల మీద మంచు దులపడానికి బ్రష్షు, గడ్డకట్టింది గీకడానికి పలక అన్నాడు. "అది చూసే కదా మీరు చలిదేశపు బండి అని జాగ్రత్తపడాల్సింది," అన్నాడు పాపం, ఎత్తిపొడుపేమీ లేకుండా. మా ఇంటి బూజులు నా కళ్ళముందు ఆడాయి.

ఇంజను మార్చాలని తేల్చేశాడు. అంతవరకూ పగులుకి మళ్ళీ మందు పూస్తాను, కానీ దాన్ని నమ్మొద్దు, నడిపే మనిషికి చెప్పి తీరాలి అన్నాడు. చెప్తానన్నాను. సాయంత్రం చెల్లెలికి బండి అప్పగిస్తూ, "గొట్టం వదులైంది, బిగించినాడు," అన్నాను.

ఎందుకలా అన్నానో ఇప్పుడు దాచేదేమీ లేదు. ఆమె నన్ను అడగడం మానేస్తుందని భయం. ఆ ఏడుగురు పిల్లల ముఖాలు నాకప్పుడు గుర్తుకొచ్చి ఉంటే ఇంకో మాట అనేవాణ్ణేమో. నాకు గుర్తుకొచ్చింది నా ముఖమే.

పైగా మెకానిక్కు చెప్పింది అబద్ధమని రుజువు చేయాలని పట్టుదల పుట్టింది. నీళ్ళు గడ్డకడితే ఇనుము పగలడమేమిటి? ఒక గాజు సోడా సీసా తీసుకుని, మూతిదాకా నీళ్ళు నింపి, మూత బిగించి, మా ఆవిడ చూడకుండా ఫ్రిజ్‌లో పై అరలో పెట్టాను. ఇక్కడ కరెంటు ఏ పూట వస్తుందో ఏ పూట పోతుందో ఎవరూ చెప్పలేరు. నీళ్ళు చల్లబడి, పైన తరక కట్టే వేళకి కరెంటు పోయేది. కాసేపటికి మళ్ళీ నీళ్ళే. రెండు రోజులు అలా గడిచింది. వీధంతా "మీ లా బీ!" అని కేకలేస్తే, కరెంటొచ్చిందని అందరూ మోటారు వేసుకోడానికి పరిగెత్తేవారు, నేను సీసా చూడ్డానికి పరిగెత్తేవాణ్ణి. సైన్సు కోసం ఇంత కష్టపడ్డవాడు మా వంశంలో లేడు.

మూడోరోజు కరెంటు పొద్దుటినుంచి సాయంత్రందాకా నిలబడింది. మా ఆవిడ రొయ్యలు తీయడానికి అర తెరిచింది.

"ఏటండీ ఇది!"

సీసా నిలువునా చీలిపోయింది. గాజు ముక్కల మధ్య మంచు మాత్రం సీసా ఆకారంలో నిటారుగా నిలబడి ఉంది. రొయ్యలనిండా గాజు పెంకులు. రొయ్యలన్నీ పారబోశాక ఆమెకి సంగతంతా చెప్పక తప్పలేదు. మొత్తం విని, చేతులు కడుక్కుంటూ ఒక్కమాటే అంది.

"ఆ పిల్లకి సెప్పీయండి. ఈయాలే సెప్పీయండి."

చెప్తానన్నాను. మొదటి వారం పిల్లలకి పరీక్షలని ఆగాను. రెండో వారం బావ ఓడ మీంచి ఫోన్ చేసి ఆమె సంతోషంగా ఉందని ఆగాను. మూడో వారం ఏ కారణమూ దొరకలేదు, అందుకని వాన ఎక్కువగా ఉందని ఆగాను. ఈలోగా ఒక ఏర్పాటు మాత్రం చేశాను. ప్రతి ఆదివారం బస్సెక్కి నది దాటి వెళ్ళి, ఆమె వంటింట్లో ఉన్నప్పుడు ఇంజను మూత తెరిచి, తగ్గిన నీళ్ళు పోసేవాణ్ణి. పగులు మీద మందు ఊడిందేమో తడిమి చూసేవాణ్ణి. వారం మధ్యలో తగ్గితే పోయమని, రోజూ బయల్దేరేముందు పోయమని చెప్పాను. ఎండవేడికి అలా అవుతుందన్నాను.

ఆ ఆదివారాల గురించి ఆమె పేటలో చెప్పుకునేదట. "మా అన్నియ్య వారం వారం నది దాటొచ్చి నా బండి సూసిపోతాడు," అని. ఒకసారి ఒక తల్లి నన్ను ఆపి, ఇలాంటి అన్న ఉండాలని బర్మీస్‌లో దీవించింది. ఆ దీవెన తీసుకుని నేను బస్సెక్కాను. సిగ్గు వేసింది. సిగ్గు వేసినా వచ్చే ఆదివారందాకా మోసుకుని తిరిగానే తప్ప దించుకోలేదు.

అయిదో వారంలో ఒక గురువారం పొద్దున్న ఆఫీసులో ఉండగా చెల్లెలు ఫోన్ చేసింది. గొంతు మామూలుగానే ఉంది.

"బండి వంతెన మీద ఆగిపోనాది. ముందంతా పొగలు. పిల్లలు బాగానే ఉన్నారు. నువ్వొత్తావేటి?"

బస్సులో గంట పట్టింది. ఆ గంటలో దేవుళ్ళందరికీ మొక్కాను, మా వాళ్ళ దేవుళ్ళకీ, దారిలో కనబడ్డ పగోడాలకీ. నేను వెళ్ళేసరికి వంతెన మీద మా తెల్ల వ్యాన్ మూత తెరుచుకుని నిలబడి ఉంది, పక్కనుంచి ఫ్యాక్టరీ లారీలు హారను కొట్టుకుంటూ పోతున్నాయి. లోపల ఎవరూ లేరు. వంతెన దిగువన టీకొట్టులో చిన్న చిన్న ప్లాస్టిక్ స్టూళ్ళ మీద ఏడుగురూ వరసగా కూర్చుని ఈచాక్వేలు, అంటే నూనెలో వేయించిన పొడుగాటి పిండి కాడలు, టీలో ముంచుకు తింటున్నారు. చెల్లెలు వాళ్ళ వెనక నిలబడి ఉంది. నెత్తినుంచి కాళ్ళదాకా తడిసి ముద్దయింది.

"మా వ్యాన్ టీ కాచింది, ఊలే!" అన్నాడు అందరికన్నా చిన్నవాడు. ఊలే అంటే మామయ్య.

ఏం జరిగిందో పిల్లలు చెప్తే విని టీకొట్టువాడు నాకు చెప్పాడు. బండి లారీల వరసలో ఆగింది. పిల్లల తలుపు తెరిస్తే నేరుగా లారీల కిందికే. వాన, పొగ, ఏమీ కనబడటం లేదు. ఆమె తన సీటు వెనక్కి వంచి, ఒక్కొక్కరినీ ఆ సీటు మీంచి ఎత్తి, డ్రైవరు తలుపులోంచి వంతెన గోడవైపు దింపింది. ఏడుగురినీ ఒకరి చొక్కా ఒకరికి పట్టించి, నడిపించుకుంటూ కిందికి తెచ్చింది. ముందు తను నడుస్తూ, రోడ్డువైపు చెయ్యి చాచే ఉంచిందట.

నేనప్పుడైనా నిజం చెప్పాలి. నోరు తెరిచి, "ఎండకి ఇంజను వేడెక్కీసినాది," అన్నాను.

వాన ధారగా కురుస్తోంది. చెల్లెలు నా నెత్తిమీంచి కారుతున్న నీళ్ళు చూసింది.

పిల్లల్ని ఇంకో బండిలో బడికి పంపి, వ్యాన్‌ని తాడు కట్టి మెకానిక్కు దగ్గరికి లాక్కెళ్ళాం. ఆయన మూత తెరిచి, ఒక్కసారి లోపలికి చూసి, ఆమె వైపు తిరిగాడు.

"నేను ముందే చెప్పాను కదమ్మా, ఇంజను పగిలిందని, మార్చాలని."

"ఎవరికి చెప్పారు సయా?"

ఆయన నన్ను చూశాడు. నేను గోడకున్న టైరుని చూశాను.

"ఎన్నాళ్ళయింది?" అని అడిగింది.

"అయిదు వారాలు," అన్నాడు సయా.

ఆమె తడిసిన జుట్టు ముడి విప్పి, పిండి, మళ్ళీ ముడి వేసుకుంది. నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది, తిట్లకి జవాబులు నా దగ్గర ఎప్పుడూ తయారుగా ఉంటాయి.

"ఇంటికెల్లు అన్నియ్యా. వాన పెద్దదవుతాది," అంది.

తరవాత పదిరోజులు నాకు ఫోన్ రాలేదు. మెకానిక్కుని వెంటబెట్టుకుని తనే తిరిగి వేరే ఇంజను చూసుకుందని, తనే బిళ్ళలూ పగుళ్ళూ అన్నీ టార్చి వేసి వెతుక్కుందని, ఆయన దాన్ని బిగించేశాడని మా ఆవిడ చెప్పింది. నన్నెవరూ పిలవలేదు. ఆ పదిరోజులూ పిల్లలు బస్సుల్లో వేలాడుతూ పోయారు, ఇద్దరు తల్లులు వేరే ఫెర్రీ వెతుక్కుంటున్నారు. ఏడుగురిలో నలుగురు తగ్గినా బండి నడపడం దండగ. అదే జరిగితే మా చెల్లెలు మళ్ళీ మిషను దగ్గరికి పోవాలి.

ఆదివారం పొద్దున్న ఫోన్ వచ్చింది. "రా," అంది. కొత్త ఇంజను చూపించడానికే పిలిచిందనుకున్నాను. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను కూడా. మనిషి ఎంత మారడో చెప్పడానికి ఆ చొక్కా ఒక్కటి చాలు.

వెళ్ళేసరికి ఆమె గుమ్మంలో చెప్పులు వేసుకుని సిద్ధంగా ఉంది. బండి వైపు కూడా చూడనివ్వలేదు.

"ఏడిళ్ళకీ ఎల్లాల. ఏటయిందో నువ్వే సెప్పాల. నాను పక్కన నిలబడతాను."

మొదటి ఇల్లు మా తెలుగువాళ్ళదే. ఆయన పాత కారు నేనే చూసిపెట్టాను, అది బాగానే ఉంది, అందుకని ధైర్యంగా కూర్చున్నాను. అరగంట చెప్పాను. ఉత్తర జపాన్ చలి, మంచు ఉబ్బే తీరు, పోత ఇంజను కన్నాలు, సోడా సీసా, రొయ్యలు. ఆయన కాఫీ ఇప్పించి అంతా విని, "అది సరేగానీ, నీకెప్పుడు తెలిసినాది బావూ?" అన్నాడు. నేను మళ్ళీ చలి దగ్గర్నుంచి మొదలుపెట్టబోయాను. చెల్లెలు లేచింది.

రెండో ఇంట్లో సీసా కథ వదిలేశాను. మూడో ఇంట్లో అమ్మినవాడు మోసం చేశాడని చెప్తుంటే ఆమె నా వైపు తిరిగి చూసింది, ఆ మాట సగంలో మింగేశాను. నాలుగో ఇంట్లో తండ్రి ఫ్యాక్టరీలో లోడింగు పనివాడు. విన్నాక నిలబడి, ఆ లారీల్లో ఒకటి తను ఎక్కించిందే అయ్యుండొచ్చనీ, తన కూతురు ఆ తలుపు తెరిచి ఉంటే ఏమయ్యేదనీ అరిచాడు. తమ పిల్లని ఇక పంపేది లేదన్నాడు. అయిదో ఇంటివాళ్ళూ పంపేది లేదన్నారు, మర్యాదగానే. ఆరో ఇంట్లో నేను మంచు గురించి కూడా చెప్పలేదు.

ఏడో ఇంట్లో ఒక ముసలమ్మ గుమ్మంలో కూర్చుని మనవడి బూట్లకి పాలిష్ పెడుతోంది. మమ్మల్ని లోపలికి రమ్మనలేదు. నేను గుమ్మం ముందు నిలబడి, చేతులు కట్టుకుని, బర్మీస్‌లో చెప్పాను.

"ఇంజను పగిలిందని నాకు తెలుసు. తెలిసీ మా చెల్లెలికి చెప్పలేదు. మీ మనవడు అయిదు వారాలు అందులోనే ఎక్కాడు."

చెప్పడానికి ఇంకేమీ లేదు. పొద్దుటినుంచి ఇంతసేపు మాట్లాడింది ఈ మూడు ముక్కలు చెప్పకుండా ఉండటానికేనని నాకు అక్కడ తెలిసింది. ముసలమ్మ బూటు పక్కన పెట్టి, నన్ను కాదు, చెల్లెల్ని చూసింది.

"రేపు ఎన్ని గంటలకి వస్తావు?"

"ఆరున్నరకి, అమ్మమ్మా."

ముసలమ్మ తలాడించి రెండో బూటు తీసుకుంది. అంటే అయిదుగురు మిగిలారు. బండి నడుస్తుంది.

ఇద్దరం బస్టాపు దాకా నడిచాం. బురదలో ఆమె ముందు, నేను వెనక. ఇన్నేళ్ళలో నేను ముందు నడవని దారి అదొక్కటే అనుకుంటాను. బస్సు దూరంగా కనబడుతోంది. ఏడిళ్ళలోనూ చెప్పిన మాట నేను ఈమెకి ఒక్కసారీ చెప్పలేదని అప్పుడు తట్టింది. మెకానిక్కు చెప్పాడు, మా ఆవిడ చెప్పుంటుంది, ఏడిళ్ళవాళ్ళకి చెప్తుంటే పక్కనుండి విన్నది. నేనుగా చెప్పలేదు.

"అమ్మీ," అన్నాను. "నాకు తెలుసు. తెలిసీ నీకు సెప్పనేదు."

ఆమె బస్సు వైపే చూస్తోంది.

"ఏడిళ్ళు తిరిగి సెప్పినావు అన్నియ్యా," అంది. "ముందు నాకు సెప్పుంటే ఒక్కింటితో పోయీది."

బస్సొచ్చి ఆగింది. రోడ్డువైపు చెయ్యి చాచి, నన్ను ఎక్కించింది.